పుణ్యము కోరని ప్రయాణము

సెలవులు వచ్చినవనగానే మన తెలుగు గృహస్థుల యిండ్లలో రెండు మార్గములే ఆలోచనకు వచ్చును. ఒకటి బంధువుల యిండ్లకు పోవుట. రెండవది పుణ్యక్షేత్రమునకు పోవుట. మూడవ మార్గమొకటి కలదనియు, ఏ మ్రొక్కును లేక, ఏ ముహూర్తమును చూడక, ఆలుబిడ్డలతో కలిసి ఒక కొండకో ఏటిగట్టునకో పోయి నాలుగు దినములు ఊరక కూర్చుండి వచ్చుట గృహధర్మములలో ఒకటిగా ఎంచదగినదనియు ఎవరైనను అన్నచో, పెద్దలు ముఖము చిట్లింతురు. ధనము ఎక్కువైనవారి విలాసమని కొందఱును, దైవభక్తి తగ్గినవారి పోకడయని మఱికొందఱును అందురు. ఈ రెండు మాటలును తప్పని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. అంతమాత్రమే కాదు. దైవము పేరిట భయముపోసి పెంపబడిన మనుష్యులకు ఇట్టి విశ్రాంతి విలాసము కాదు, చికిత్సలో ఒక భాగమని నా వాదము. దీనికి నా జీవితమే మొదటి సాక్ష్యము గావున, చదువరులు నా సొంత మాటలు కొన్ని సహింపవలెను.

ముందుగా మన యాత్రల సంగతి చూతము. 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేఱి 1831లో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్రను చదివినవారికి యాత్రయననేమో తెలియును. ఆయన మ్రొక్కుటకే పోయెను. కాని త్రోవపొడవునను ఆయన కన్నులు మూతపడలేదు. బాటలెట్లున్నవి, ఏ యూర ఏ పంట పండును, ప్రజలెట్లు బ్రదుకుచున్నారు అను విషయములన్నియు వ్రాసికొనెను. 1838లో అచ్చుపడిన ఆ గ్రంథము నేటికిని చదువబడుచున్నదన్నచో అది అందలి పుణ్యమునుబట్టి కాదు, అందలి చూపునుబట్టి. నేటి మన యాత్రలలో ఆ చూపు మిగిలినదా? అర్ధరాత్రమున బండి యెక్కుదుము. తెల్లవాఱుజామున మూడుగంటలకు నిద్రకన్నుల పిల్లలను లేపి చన్నీళ్లు పోయుదుము. గంటలకొలది కటకటాల నడుమ వరుసలో నిలువబెట్టుదుము. ఆకలియన్న పిల్లవానిని, దర్శనము కాకుండ తిన్నచో కన్నులు పోవునని బెదరింతుము. రెండు నిమిషములలో నెట్టబడి వెలుపలికి వచ్చి, తిరుగు బండిలో ఒకరిపై ఒకరము పడి నిద్రపోవుదుము. ఇంటికి చేరిన పిమ్మట ఆ అలసట తీఱుటకు మఱి నాలుగు దినములు పట్టును. ఇందులో భక్తి యెంతయున్నదో భక్తులే చెప్పవలెను. విశ్రాంతి మాత్రము లేదు. ఇంటి స్త్రీలకు అంతకన్నను లేదు. సత్రపు గదిలో మడికట్టుకొని వండువారును వారే, పిల్లల తడిబట్టలు ఆరవేయువారును వారే, దర్శనమునకు ఆలస్యమైనచో మాటలు పడువారును వారే.

నేను భక్తిని నిందించుటలేదు. భక్తి వేఱు, భయము వేఱు. ఒక ముదుసలి తెల్లవాఱి తులసికోటకడ నిలుచుండి తన మనస్సును నిమ్మళపఱచుకొనుచుండగా వలదనుటకు మనకేమి యధికారము కలదు? నా పోరు ఆమె భక్తితో కాదు. ఎనిమిదేండ్ల బిడ్డకు వైతరణినదిని, కుంభీపాకమును వర్ణించి, చీకటి పడగానే వణకునట్లు చేయు పెంపకముతో. భాగవత పంచమస్కంధమున ఇరువదియెనిమిది నరకములు చెప్పబడినవి. పండితులు వానిని ఉపమానములని పెద్దలకు వ్యాఖ్యానించి చెప్పుదురు. పసివారికి మాత్రము వ్యాఖ్యానము లేకుండ చెప్పుదురు. ఉపమానమును ఉపమానముగా తెలిసికొనగల వయస్సు వచ్చునప్పటికి ఆ భయము ఎముకలలో ఇంకిపోయి యుండును.

నేను గోదావరి కాలువగట్టున నున్న యొక పల్లెలో, వైదికాచారము గల యింట పుట్టితిని. 1989వ సంవత్సరమున నాకు తొమ్మిదేండ్లు. వినాయకచవితినాడు మధ్యాహ్నము రెండుగంటలు దాటినను పూజ ముగియలేదు. ఆకలికి తాళలేక వంటయింటిలోనికి పోయి, నైవేద్యమునకై యుంచిన ఉండ్రాళ్లలో ఒకటి తీసి నోట వైచికొంటిని. మా బామ్మగారు చూచిరి. ఆనాడు చీవాట్లతో పోయినది. పదిదినములు గడవకమునుపే నాలుగేండ్ల మా తమ్మునికి జ్వరము తగిలెను. అది తగ్గలేదు. మూడవవారమున వాడు పోయెను. ఇల్లంతయు ఏడ్చుచుండగా మా బామ్మగారు నా వంకకు తిరిగి, "నైవేద్యం ఎంగిలి చేశావు. స్వామి ఊరుకుంటాడా?" అనిరి. మఱి ఎవ్వరును ఏమియు అనలేదు. ఆ మాట అబద్ధమని అనినవారును లేరు.

ఆమె దుష్టురాలు కాదు. మనుమని పోగొట్టుకొన్న దుఃఖమునకు ఆమెకు ఒక కారణము కావలసెను. ఆమె యెఱిగిన శాస్త్రమున దొరకిన కారణము అదియొకటే. టైఫాయిడని వైద్యులు పిలుచు సన్నిపాతజ్వరమునకు సూక్ష్మజీవి కారణమని ఎబర్తు అను జర్మను వైద్యుడు 1880లోనే కనిపెట్టియుండెను. నూఱేండ్లు దాటినను ఆ వార్త మా వీథియరుగువఱకు రాలేదు. అంతకన్న శోచనీయమైన దేమనగా, వచ్చియున్నను అది తొమ్మిదేండ్ల బాలుని చెవిలో ఎవరైనను వేయునంతటి తీఱిక మా యింట లేకపోయెను. స్నానములకు కాలముండెను, సంధ్యలకు కాలముండెను, తద్దినములకు కాలముండెను. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మాటలాడుటకు కాలము లేదు.

తరువాత నేను సంస్కృతము చదివితిని, ఆంగ్లము చదివితిని. ఇరువదవయేటికి నరకములయందు నమ్మకము పోయెను. కాని నమ్మకము పోయినంతమాత్రమున భయము పోవునని తలచుట పుస్తకములు మాత్రమే చదివినవారి పొరపాటు. వివాహమైన పిమ్మటను వినాయకచవితినాడు ఉండ్రము చేతికి తీసికొన్నచో నా వ్రేళ్లు వణకెడివి. మా కుమారునికి జ్వరము వచ్చినచో వైద్యుని పిలుచుటకు ముందే, నేనేమి తప్పు చేసితినని మనస్సు వెదకుకొనెడిది. తర్కము తలలో నుండును. భయము కడుపులో నుండును. ఆ రెండిటికి నడుమ త్రోవ లేదు.

ఇది వైదికుల యిండ్లకే పరిమితమైన రోగము కాదు. 1907లో ఎడ్మండు గాస్ అను ఆంగ్ల రచయిత "తండ్రియు కుమారుడును" అను అర్థము గల పేరుతో తన బాల్యచరిత్రను ప్రకటించెను. ఆయన తల్లిదండ్రులు క్రైస్తవులలో మిక్కిలి నిష్ఠ గల యొక శాఖవారు. క్రిస్మసు పండుగ విగ్రహారాధనతో సమానమని ఆ తండ్రి నిషేధించియుండెను. ఒక పండుగనాడు పనికత్తెలు జాలిపడి ఆ పసివానికి పిండివంట కొంచెము పెట్టిరి. తిన్న పిమ్మట వాడు గుండె పగిలి తండ్రికడకు పరుగెత్తి, విగ్రహములకు అర్పించినది తింటినని ఏడ్చెను. తండ్రి పోయి మిగిలిన పిండివంటను బూడిదపాలు చేసెను. ఆ ఘట్టము చదివినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. సముద్రములకు ఆవల, నూటయేబదియేండ్లకు వెనుక, ఒక బాలుడు నైవేద్యమును తిన్నందులకు వణకెను. ఇచట నేను నివేదింపనిది తిన్నందులకు వణకితిని. దేవుడు వేఱు, మతము వేఱు, పిండివంట వేఱు, భయము ఒక్కటే. ఆ గ్రంథముననే మఱియొక సంగతి కలదు. ఆ తండ్రి ఫిలిప్ గాస్ సముద్రజీవుల శాస్త్రజ్ఞుడు. ఇంగ్లండు నైరృతి తీరమున రాళ్లనడుమ నిలిచిన నీటిగుంటలపై వంగి తండ్రియు కుమారుడును కలిసి జీవులను వెదకెడివారు. ఇంటిలో తీర్పరిగా కూర్చున్న తండ్రి ఆ నీటిగుంటల కడ తోడివాడుగా కనబడును. చదువరులు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను.

ఇక శాస్త్రముల మాట. భయము లేనిచో ధర్మము నిలువదని మన ఆచారవాదులు చెప్పుదురు. వారు చూపు గ్రంథములే వారిని ఖండించుచున్నవి. భగవద్గీత పదునాఱవ అధ్యాయమున దైవీసంపదను లెక్కించుచు మొట్టమొదట చెప్పిన గుణము అభయము. దానము, తపస్సు, శౌచము అన్నియు దాని వెనుకనే. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు జనకునితో నీవు అభయమును పొందితివని చెప్పును. పరమపదమునకు ఆ ఋషి పెట్టిన పేరు అది. అభయమును గమ్యముగా చెప్పిన గ్రంథములను చంకనిడుకొని, భయమును ఉగ్గుపాలతో రంగరించి పోయుట ఎక్కడి శాస్త్రము? బిడ్డను భయపెట్టువాడు నాస్తికునికన్న ఎక్కువగా తన శాస్త్రమును ధిక్కరించుచున్నాడు.

రెండవ వైపున నా హేతువాద మిత్రులు కలరు. వారు నవ్వుచు, "భయమునకు మందు జ్ఞానము. దానికి కొండలెందుకు, కోనలెందుకు? ఆ ధనముతో నాలుగు పుస్తకములు కొనుము" అందురు. నేను పుస్తకములపై బ్రదుకువాడను. వానిని తక్కువ చేయను. కాని 1940లో ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిన గోరాగారి కుటుంబమును చూడుడు. గ్రహణము గర్భిణికి కీడు చేయునను భయమును వారు ఉపన్యాసముతోనే పోగొట్టజూడలేదు. సరస్వతీగోరాగారు తాము గర్భవతియై యుండగనే వెలుపలికి వచ్చి గ్రహణమును చూచిరి. ఆ ఆకాశము క్రింద నిలుచుండిన దేహమే అసలైన వాదము. భయము దేహమున నుండి వచ్చినప్పుడు దేహమునే క్రొత్త చోటికి తీసికొనిపోవలెను. చీకటి, నిశ్శబ్దము, ఉఱుము, నీరు, వీనికి పూర్వము భయపడిన మనుష్యుడు తనవారి చేయి పట్టుకొని వానినడుమ నిలిచి, ఏమియు కాకుండ తెల్లవాఱుట చూచిననాడు, పది గ్రంథములు చేయలేని పని జరుగును.

నన్ను బయలుదేఱదీసినది మా కుమార్తె. దానికి ఎనిమిదేండ్లు. మా యింట నరకముల మాట లేదు, శాపముల మాట లేదు. ఈ విషము నాతోనే ఆగిపోయినదని గర్వపడుచుంటిని. ఒకనాడు మా అమ్మకు జ్వరము వచ్చెను. ఆ రాత్రి ఆ పిల్ల నిద్రలేచి వచ్చి, "నాన్నా, బామ్మ మడిలో ఉన్నప్పుడు నేను ముట్టుకున్నాను. అందుకే జ్వరం వచ్చిందా?" అని అడిగెను. ఎవరో బంధువులు నవ్వులాటకు అన్న మాట దాని మనస్సున నాటుకొనెను. నేను కాదంటిని, సూక్ష్మజీవుల సంగతి చెప్పితిని. అది తల యూచెను. కాని దాని కన్నులు నమ్మలేదు. ఆ కన్నులు నావే. తలకు చెప్పుట చాలదని ఆ రాత్రి నిశ్చయముగా తెలిసినది.

సంక్రాంతి సెలవులలో అరకులోయకు పోవుదమంటిని. బంధువులు ఊరకుండలేదు. "ఇన్ని సెలవులుండగా కాశీకి పోరాదా? తల్లి పెద్దదైనది, ఆమెకు గంగ చూపరాదా? కొండలలో ఏ దేవుడున్నాడని?" అనిరి. వ్యయము మాట ఎత్తినవారును కలరు. అయిదుగురము ఆఱుదినములు పోయి వచ్చుటకు అయిన వ్యయము, అంతకుముందు సంవత్సరము మా యింట చేయించిన శాంతిహోమమునకు అయినదానికన్న తక్కువ. హోమమునకు అప్పుచేసినను ఎవరును విలాసమనలేదు. నా భార్య ఒక్క షరతు పెట్టెను: "నేను వంట చేయనక్కర్లేని చోటైతే వస్తాను. లేకపోతే పిల్లల్ని తీసుకుని మీరే వెళ్లిరండి." ఈ షరతును చదువరులందఱును వ్రాసికొనవలెను. వంటయింటిని మూటకట్టి కొండమీదికి మోసికొనిపోవుట ప్రయాణమే గాని విశ్రాంతి కాదు. పురుషుడు పచ్చని చెట్లను చూచుచుండగా స్త్రీ పప్పు ఉడికినదా లేదా అని చూచుచుండు సెలవు సగము కుటుంబమునకే సెలవు.

మా అమ్మకూడ వచ్చినది. మడిబట్టయు జపమాలయు తన సంచిలో పెట్టుకొన్నది. వలదని ఎవ్వరును అనలేదు. విశాఖపట్టణమున తెల్లవాఱగనే కిరండూలు పోవు బండి యెక్కితిమి. బైలదిల్లా గనుల యినుపరాతిని ఓడరేవునకు చేర్చుటకై 1960ల దశకమున తూర్పుకనుమలను తొలిచి వేసిన దారి అది. సొరంగములు ఒకదానివెంట ఒకటి వచ్చును. చీకటి కమ్మగానే బండిలోని పిల్లలందఱును కేకలు వేయుదురు. వెలుగు రాగానే నవ్వుదురు. మొదటి సొరంగమున మా అమ్మాయి నా చొక్కా పట్టుకొనెను. నాలుగవదానికి చేయి విడిచెను. పదవదానికి అదియే అందఱికన్న గట్టిగా కేకవేసెను.

బొఱ్ఱాగుహలకడ దిగితిమి. వాననీరు గాలినుండియు మట్టినుండియు బొగ్గుపులుసుగాలిని గ్రహించి, పలుచని ఆమ్లమై, సున్నపురాతిని కరగించుచు లోనికి దిగును. గుహ కప్పునుండి చుక్క వ్రేలాడునప్పుడు ఆ గాలి విడిపోవును; కరగిన సున్నము రవంత అచటనే పేరుకొనును. అట్లు చుక్కమీద చుక్కగా పైనుండి రాతియూడలు దిగును, క్రిందినుండి రాతిదిమ్మెలు లేచును. ఒక్క అంగుళము పెరుగుటకు వంద లేక కొన్ని వందల సంవత్సరములు పట్టును. దారిచూపువాడు దీపము త్రిప్పి, ఇది ఋషిగడ్డము, ఇది శివపార్వతులు, ఇది మొసలి అని చెప్పుచుండెను. అచట శివలింగమని కొలుచు రాయి కలదు. మా అమ్మ చేతులు జోడించినది. మా అమ్మాయి నన్ను మెల్లగా, "నేను దండం పెట్టకపోతే పాపమా?" అని అడిగెను. "కాదమ్మా. పెట్టాలనిపిస్తే పెట్టు, లేకపోతే చూడు చాలు" అంటిని. అది నమస్కరింపలేదు, చేయి చాచి, పైనుండి రాలు చుక్కను అరచేత పట్టుకొని చాలసేపు చూచెను. నాయనమ్మయు మనుమరాలును ఒకే రాతిముందు నిలుచుండిరి. ఒకతె మ్రొక్కెను, ఒకతె చూచెను. ఇద్దఱిని ఎవ్వరును మందలింపలేదు. మా వంశమున ఇట్టి నిమిషము మునుపెన్నడైన వచ్చెనని నేననుకొనను.

తక్కిన దినములు ఏమియు చేయలేదు. అరకులో ఉదయమున మంచు లోయను కప్పియుండును. అది విడిచిపోవువఱకు అరుగుమీద కూర్చుండెడివారము. వెండిసింధూరపు చెట్లనీడను కాఫీమొక్కలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపుతీగెలు. అది కాఫీపండ్లు కోయు కాలము. కోసినవానిని కళ్లములలో ఆరబోసిరి. మధ్యాహ్నపుటెండలో నా భార్య పుస్తకము మొగముపై బోర్లించుకొని నిద్రించుటను పదునైదేండ్లలో మొదటిసారి చూచితిని. మూడవనాటి సాయంకాలమున పిల్లలు ఆడుకొనుచుండగా మా అమ్మ నా ప్రక్కన వచ్చి కూర్చున్నది. చాలసేపు మాటలేదు. పిమ్మట తనంత తానుగా ఇట్లనినది:

"ఒరే నాయనా, తమ్ముడి సంగతి నీకింకా మనసులో ఉందని నాకు తెలుసు. ఆ జ్వరం టైఫాయిడనీ, కాలవ నీళ్ల వల్ల వచ్చిందనీ డాక్టరు ఆ రోజే చెప్పాడు. వీధిలో ఇంకో ఇద్దరు పిల్లలకీ వచ్చింది. నీ వల్ల కాదురా. అత్తగారి ముందు నోరెత్తలేకపోయాను. ఆవిడన్నది నిజమేనేమోనని నాకూ భయమేసింది. తరవాత చెబుదామంటే ఆ ఇంట్లో తీరికేది?"

ముప్పదియైదేండ్లు! ఒకే కప్పుక్రింద, ఒకే పంక్తిలో భోజనము చేయుచు, తల్లి ఒక మాటను, కొడుకు ఒక భారమును దాచుకొనియుండిరి. ఆ మాట మా యింట ఎందుకు పుట్టలేదు? మా యింట ప్రతి గడియకును ఒక విధి కలదు, ప్రతి గదికిని ఒక నిషేధము కలదు, ప్రతి గోడకును చనిపోయినవారి పటమొకటి కలదు. బామ్మగారి పటముక్రింద కూర్చుండి మా అమ్మ ఆ మాట ఎన్నటికిని చెప్పియుండదు. విధులు లేని చోట, నిషేధములు లేని గాలిలో, పని లేని సాయంకాలమున, డెబ్బదియేండ్ల ఆమెకును నోరు వచ్చినది. భయపడి పెరిగినవాడను నేనొక్కడనే కాననియు, నన్ను భయమునుండి కాపాడలేకపోయిన తల్లికూడ భయపెట్టబడినదే యనియు నాకప్పుడు తెలిసెను. మన సంస్కర్తలు తఱచు పెద్దవారిని నేరస్థులనుగా నిలబెట్టి మాటలాడుదురు. వారికిని మొదట విశ్రాంతి నిచ్చి చూడుడు, వారే సాక్షులగుదురు.

దీనినిబట్టి అడవి సర్వరోగనివారిణియని చాటుట నా యభిప్రాయము కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అను అమెరికా పరిశోధకుడు, పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన రోగులను పరిశీలించి, కిటికీనుండి చెట్లు కనబడువారు ఇటుకగోడ కనబడువారికన్న త్వరగా ఇంటికి పోయిరనియు, తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా వాడిరనియు ప్రకటించెను. అది దేహపు గాయముల మాట, రోగుల సంఖ్యయు కొలదియే. దానిని మనోవ్యథకు యథాతథముగా అన్వయింపరాదు. భయమువలన నిద్ర లేనివారు, బ్రదుకు వలదనిపించువారు మనోవైద్యునికడకు పోవలెను. కొండకు పోవుట ఆ వైద్యమునకు బదులు కాదు. నా వణకు సయితము పూర్తిగా పోలేదు. అయినను మొన్నటి చవితినాడు పూజ ఆలస్యము కాగా, మా అమ్మయే ఒక ఉండ్రము తీసి మనుమరాలి చేతిలో పెట్టి, "ఆకలేస్తుంటే తినవే" అనినది. నేను చూచుచుంటిని. పిల్ల తినెను. ఎవరికిని జ్వరము రాలేదు. వచ్చియున్నను నీటినే అనుమానించియుందుము.

మఱియొక హెచ్చరిక. దేవుని విడిచి ప్రకృతిని దేవతగా కూర్చుండబెట్టువారు కలరు. నాకా పని వలదు. కొండకు కోపము లేదు, దయయు లేదు. అందుచేతనే అది విశ్రాంతి నిచ్చును. అది మన పాపపుణ్యములను లెక్కింపదు. అట్లే కొండలోని మనుష్యులు మన వినోదమునకు పెట్టిన బొమ్మలు కారు. ధింసా నాట్యమాడు ఆదివాసి స్త్రీలు తమ పొలములు, తమ బిడ్డలు, తమ కష్టములు గలవారు. వారిని అడుగకుండ ఛాయాచిత్రములు తీయుట, వారి యేటిలో ప్లాస్టికు సీసాలు పాఱవేయుట మర్యాద కాదు. మడిని విడిచి మురికిని పట్టుకొనుట సంస్కారమనిపించుకొనదు.

ఇదియంతయు పాశ్చాత్యుల అనుకరణమనువారికి కార్తికమాసపు వనభోజనములను జ్ఞాపకము చేయుచున్నాను. ఉసిరిచెట్టు నీడను అందఱును కలిసి భుజించుట మన పూర్వుల ఆచారమే గదా! కాని ఆ యాచారమునకు నేడు పట్టిన గతి చూడుడు. ఏ కులమునకు ఆ కులము వేఱువేఱు తోటలలో వనభోజనములు జరుపుకొని, గోడలపై ప్రకటనలు అంటించుచున్నారు. ఉసిరిచెట్టు తన నీడకు కులము నడుగలేదు. మనము ఆ నీడకును కంచె కట్టితిమి. వనభోజనమును కులమునుండియు మ్రొక్కునుండియు విడిపించినచో, నేను కోరు సెలవు మన యూరి తోటలోనే దొరకును. అరకు పోలేని కూలివానికిని, చిన్న జీతగానికిని కాలువగట్టు కలదు, మామిడితోపు కలదు, సముద్రతీరము కలదు. కావలసినది దూరము కాదు. విధి లేని ఒక దినము.

1976లో మన రాజ్యాంగమున చేరిన 51-ఎ అధికరణమున రెండు విధులు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి అడవులను, సరస్సులను, నదులను రక్షించి జీవులయందు దయ చూపుట. దాని వెనువెంటనే శాస్త్రీయదృష్టిని, మానవతను, జిజ్ఞాసను, సంస్కరణభావమును పెంపొందించుట. ఆ రెండును ఇరుగుపొరుగున పడుట యాదృచ్ఛికమే కావచ్చును. గృహస్థుడు మాత్రము వానిని ఒకే పాఠముగా చదువవచ్చును. బిడ్డను చెట్టుక్రిందికి తీసికొనిపోవుట మొదటి సగము; అచట వాడడుగు ప్రశ్నకు భయపెట్టని సమాధానము చెప్పుట రెండవ సగము.

గృహస్థులారా, గృహిణులారా! సంవత్సరమునకు ఎన్ని దినములు వ్రతములకు ఇచ్చుచున్నారో లెక్కించుకొనుడు. అందులో నాలుగు దినములు మీ బిడ్డలకిండు. ఆ దినములలో ముహూర్తము చూడకుడు, మ్రొక్కు పెట్టకుడు, ఇంటి యిల్లాలిచే వంట చేయింపకుడు. మీ వృద్ధులను విడిచిపోకుడు. వారి జపమాలను వారితో రానిండు. ఎవరైన మాటలాడ మొదలిడినచో తొందరపడక వినుడు. మీ యింటిలోను ముప్పదియేండ్లుగా చెప్పబడని మాట ఒకటి ఉండియుండును. దానిని దాచుకొన్నవారు బ్రదికియుండగనే ఆ మాట వెలుపలికి రావలెను.